తెల్లగా మిగిలిన కాగితాలు

మొదట పోయినవి లెక్కపెడతాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

పొగగొట్టం ఉన్న పొయ్యిలు పద్దెనిమిది. ఆ గొట్టాల కోసం వంటిళ్ల కప్పుల్లో పడవలసిన కన్నాలు పద్దెనిమిది. మా సందు గాలికి దక్కవలసిన నిజమైన కొలత ఒకటి. నన్ను నమ్మిన ఒక పెద్దమనిషి శ్రమలో ఒక చలికాలం. మా సందు పేరు కూడా తెలియని మనుషులు ఎక్కడెక్కడి నుంచో పంపిన విరాళాల్లో మా వంతు. ఇవన్నీ పోగొట్టినవాణ్ణి నేనే. ఆరేళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను భిలాయిలో, క్యాంప్ 2లో ఉంటాను. ఉక్కు కర్మాగారంలో పని పట్టిన ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాస్తాను. చదివింది ఏడో తరగతి. సగటులు, శాతాలు, దశాంశాలు పవర్ హౌస్ బజారులో తూకానికి కొన్న పాత పుస్తకాల్లోంచి నా అంతట నేను నేర్చుకున్నాను. ఒక్క అంకె తేడా వస్తే ఆ రోజు అన్నం సహించదు. గొప్ప కోసం చెప్పడం లేదు. తెలియక చేశాననే సాకు నాకు లేదని చెప్పడానికి.

ఆ చలికాలం ఒక విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసరు గారు ఒకరు విద్యార్థులతో వచ్చారు. వంటింటి పొగ మీద వాళ్ల పరిశోధన. ఇది మీ ఒక్క క్యాంపు బాధ కాదు, ఎన్నో దేశాల్లో ఆడవాళ్లు ఇదే పొగ పీల్చి ఊపిరి పోగొట్టుకుంటున్నారు అన్నారు. ఎంత పొగో ఎవరూ సరిగ్గా కొలవలేదట. కొలిచి చూపిస్తే దాతలు ముందుకొస్తారు, అప్పుడు పొయ్యిలు వస్తాయి అన్నారు. అంకె వల్ల మనిషికి మేలు జరుగుతుందని నాకు ఒకరు చెప్పడం అదే మొదటిసారి. ఆ రాత్రంతా ఆ మాటే తలుచుకున్నాను.

మా సందులో బొగ్గుతో వండే ఇళ్లు పద్దెనిమిది. మా ఇంట్లో గ్యాసు ఉంది కనుక మేము లెక్కలో లేము. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా సందులో కొలిచే పని నాకు అప్పగించారు. పని సులువు. టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఇచ్చారు. అందులో చిన్న పంపు గాలిని లాగుతుంది, ఆ గాలి ఒక గుండ్రటి తెల్లకాగితం గుండా పోతుంది. దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ వంటింట్లో తగిలించాలి. మర్నాడు కాగితం తీసి, కవరులో పెట్టి, ఇంటి నంబరు వేయాలి. రోజుకొక ఇల్లు. నా చేతిలో ఒక పట్టిక. అందులో ఒక గడి: వంట లోపలా, బయటా?

అన్ని ఇళ్లకూ ఆ గడిని మొదటిరోజే ‘లోపల’ అని నింపేశాను. హాజరు పుస్తకంలో నా పద్ధతి అదే. ముందు అందరికీ హాజరు వేసేస్తాను, రానివాళ్లది తర్వాత కొట్టేస్తాను. టైము కలిసొస్తుంది.

మొదటి ఇల్లు రమణమ్మది. మర్నాడు కాగితం కారునలుపు. కొళాయి దగ్గర ఆడవాళ్లందరూ ఉన్నప్పుడు దాన్ని ఎత్తి చూపించి, “రమణమ్మా, నువ్వొండినది అన్నమా, కోల్‌తారా?” అన్నాను. అందరూ నవ్వారు. రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిందె సగమే నింపుకుని వెళ్లిపోయింది. సరదాగానే అన్నాను. నిజంగా సరదాగానేనా? లెక్కలోడు వచ్చాడంటే నలుగురూ తిరిగి చూడాలని నాకు లేదా?

రెండో ఇంటి నుంచి కాగితాలు తెల్లగా రావడం మొదలైంది. మూడు, నాలుగు, ఐదు. నేను ఆలోచించలేదు. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

పన్నెండో రోజు పెట్టె పైడమ్మ ఇంట్లో ఉంది. పైడమ్మ మాకు మూడిళ్ల అవతల ఉంటుంది. ఆమె భర్త మా కాంట్రాక్టరు కూలీయే. ఆ మధ్యాహ్నం నేను పని నుంచి త్వరగా వచ్చాను. పైడమ్మ సిగిడీ, అంటే బొగ్గు పొయ్యి, సందులో గోడ పక్కన ఉంది. దాని మీద పప్పు ఉడుకుతోంది. లోపల ఖాళీ వంటింట్లో పెట్టె గుర్రుమంటోంది.

“ఏటి పైడమ్మా, వంట బైటెట్టినావు?” అన్నాను.

“మరేటి సెయ్యమంటావు అన్నియ్యా? లోపలెడితే నీ కాయితం నల్లగా గందా అయిపోదేటి? రమణమ్మనాగ నన్నూ కొళాయికాడ నవ్వులపాలు సేద్దామనా?”

“మరి రోజూ ఎక్కడొండుతావు?”

“లోపలే. ఈ సలిలో బైటెవులొండుతారు? సిగిడీ లోపలుంటే పిల్లలకి ఎచ్చగా ఉంటాది. నీ డబ్బా వొచ్చిన రోజొక్కటే బైట. అందరం అంతే. లెక్కలోడివి, నీకు తెల్దేటి?”

ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న రమణమ్మ తల ఎత్తకుండానే అంది: “భయ్యాకి అంకెలు అగుపిస్తాయి గానీ పొయ్యిలగుపించవే.”

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంటికెళ్లి పట్టిక తెరిచాను.

దిద్దడానికి ఒక్క గీత చాలు. ఒక్కో ‘లోపల’ మీద ఒక్కో గీత. కానీ ఆ గీత గీస్తే ఆ ఇళ్లన్నీ మళ్లీ కొలవాలి. ఎందుకని ప్రొఫెసరు గారు అడుగుతారు. కొళాయి దగ్గర నేనాడిన మాట చెప్పాలి. ఆయన ముందురోజే విద్యార్థులకు నన్ను చూపించి, మాస్టర్‌జీ దగ్గర నేర్చుకోండి, ఈయన పట్టికలో ఒక్క కొట్టివేత లేదు అన్నారు. డిగ్రీ చదివే పిల్లలు నాకు నమస్కారం పెట్టారు. నా జీవితంలో అలాంటి రోజు ఇంకొకటి లేదు.

గీత గీయలేదు. మిగిలిన ఆరిళ్లకూ అలాగే పెట్టె తగిలించాను, సందులో పొయ్యిలు చూస్తూనే.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పదిహేడు తెల్లకాగితాల మధ్య రమణమ్మ నల్లకాగితం ఒక్కటే అడ్డంగా నిలిచింది. దాని పక్కన, “ఆ రోజు ఇంట్లో దీపం మసి కట్టింది, లెక్కలోకి తీసుకోరాదు” అని రాశాను. మా సందులో ఉన్న ఒకే ఒక్క నిజాన్ని నా చేతులతో తీసేశాను.

కాగితాలకు పట్టిన మసి తూకాలు వచ్చాక ప్రొఫెసరు గారు నన్ను పిలిచారు. మేము కొలిచిన మిగతా సందులన్నీ నలుపు, మీదొక్కటే తెలుపు, నాకు అర్థం కావడం లేదు అన్నారు. అనుమానించి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. దేవుడు తలుపు తీసి పట్టుకున్నట్టే కదా అది? “మా సందులో గాలి బాగా ఆడుతుంది సార్” అన్నాను. ఆయన రాసుకున్నారు. తర్వాత వాళ్లు అచ్చువేసిన పుస్తకంలో, ఇళ్ల అమరిక వల్ల పొగ తగ్గే అవకాశం ఉందని ఒక వాక్యం ఉంది. అది నా వాక్యం. దాన్ని చదివి ఏ దేశంలో ఎవరు ఏ సందుకి పొయ్యిలు అక్కర్లేదనుకున్నారో నేను ఎన్నటికీ లెక్కగట్టలేను.

వేసవిలో దాతల డబ్బు వచ్చింది. అన్ని సందులకూ చాలదు కనుక పొగ ఎక్కువున్న చోట ముందు అన్నారు. క్యాంప్ 1లో రెండు సందులకు పొయ్యిలు కట్టారు. మాకు లేవు. ఆ రోజు పైడమ్మ మా గుమ్మం దగ్గరకొచ్చి అడిగింది: “తెల్లకాయితాలు మనవి, గెలిచినది మనం, పొయ్యిలు ఆలకిచ్చినారేటి అన్నియ్యా?”

“పైవాళ్ల ఇష్టం” అన్నాను.

ఇప్పుడు పైడమ్మ కొళాయి నుంచి ఇంటికి వచ్చేలోగా రెండుసార్లు బిందె దించుతుంది. పొగకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడట. అదో పెద్ద జోకులా అందరికీ చెప్పి నవ్వుతుంది, నవ్వు మధ్యలో దగ్గు వస్తుంది. ఆ పొయ్యి వచ్చి ఉంటే దగ్గు వచ్చేది కాదని ఎవరు చెప్పగలరు? చాలాకాలం ఈ ప్రశ్నని దుప్పటిలా కప్పుకున్నాను. కానీ చెప్పగలిగేది కొలత ఒక్కటే. ఆ కొలతని చెడగొట్టినవాడికి ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించవలసినవాళ్లు మీరు కారు. రాశాను, అంతే. రాస్తుంటే ఇన్నేళ్లలో మొదటిసారి, ఒక పట్టికలో ఉన్నది ఉన్నట్టు వేసినట్టుంది. ఆ ఒక్క ఊరటా చాలు, అంతకంటే నాకు రాకూడదు.

చివరి లెక్క. క్యాంప్ 1లో పొయ్యిలు వెలిగిన రోజు నుంచి నిన్నటికి సరిగ్గా ఆరేళ్లు. మధ్యలో ఒక లీపు సంవత్సరం. 2191 రోజులు. పైడమ్మవాళ్లు ఏడాదికి పదిహేను రోజులు విజయనగరం వైపు సొంతూరు వెళతారు, ఆ 90 తీసేశాను. మిగిలినవి 2101. రోజుకు రెండు పూటలు వంట. మిగతా పదిహేడు ఇళ్లు ఇంకా కలపలేదు. పైడమ్మ ఒక్కదానికే నేను బాకీ ఉన్న పొగలేని పూటలు, నిన్న రాత్రి వరకు, నాలుగు వేల రెండువందల రెండు.