బొట్టు పెట్టిన పుస్తకం

డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నా హాల్ టికెట్ నంబరు ఫస్ట్ క్లాస్ వరుసలో ఉంది. వేలు పెట్టి మూడుసార్లు చూసుకున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఎమ్మే ఇంగ్లిష్, అదీ ఫస్ట్ క్లాస్! ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. ముందు మా నాయినకే చెప్పాలని ఫోన్ తీశాను. చేతిలో ఉండగానే అది మోగింది. ఆయనే.

"బిడ్డా, ఏడున్నవ్? బండి ఆగమైంది. తార్నాకల ఉన్న. జల్ది రా, పుస్తకం చదవాలె."

"నాయినా, నేను..."

"రా బిడ్డా, సేటు పానం తీస్తున్నడు." పెట్టేశాడు.

ఆ రోజు క్యాంపస్ ముందు వంటావార్పు. ఉద్యమం నడిచిన ఆ ఏళ్లలో రోడ్డు బంద్ చెయ్యాలంటే నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తినేవాళ్లం. దానికి కావలసిన గంజులూ గంటెలూ పొయ్యిలూ ఒక టెంట్‌హౌస్ నుంచి రావాలి. ఆ టెంట్‌హౌస్‌లో డ్రైవర్ మా నాయిన.

టెంట్‌హౌస్ యజమాని సేటు కొత్త డీజిల్ పికప్ కొని రెండు వారాలైంది. దాన్ని నాయిన చేతికివ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. "చదువు రానోనికి గీ కంప్యూటర్ బండి ఎట్లియ్యాలె?" అన్నాడు. "నాకు రాకుంటేంది సేట్, నా బిడ్డకొస్తది గద. ఇంగ్లిష్ల ఎమ్మే చదువుతున్నది" అని నాయిన నన్ను జామీను పెట్టాడు. "సరే, నెల దినాలు చూస్త. ఏమన్నయితే మల్ల నీ పాత డబ్బానే" అని తాళంచెవి ఇచ్చాడు సేటు. పాత బండి క్లచ్ రాయిలా ఉండేది. తొక్కీ తొక్కీ సాయంత్రానికి నాయిన ఎడమ మోకాలు వాచిపోయేది. కొత్త బండి వచ్చాక ఈ రెండు వారాలూ ఆయన కుంటలేదు.

ఆటోలు లేవు. చున్నీ నడుముకు బిగించి తార్నాక దాకా పరుగెత్తాను. బండి రోడ్డు పక్కన ఉంది. ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి, వెనక గంజులు నిండా ఉన్నాయి. బానెట్ కింద ఒక మెకానిక్ తలదూర్చి ఉన్నాడు. లోపల స్టీరింగ్ వెనక ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతోంది.

"ఎంత తొక్కినా ఎద్దుబండి లెక్కనే పోతున్నది బిడ్డా," అన్నాడు నాయిన.

"గది పొగ సెన్సార్ కాకా," అన్నాడు మెకానిక్ తల ఎత్తకుండానే. "పొగ ఎక్కువ పోకుంట చూస్తది. గది ఖరాబయితే ఇంజనే దమ్ము తగ్గించుకుంటది. పాత బండయితే సుత్తెతోని మాట్లాడుతుంటి. దీనికి మిషిన్ పెట్టి చూడాలె. మిషిన్ షోరూంల ఉంటది. షోరూం బంద్."

అయినా బ్యాటరీ వైరు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. దీపం ఆరిపోయింది. నాయిన రెండు చేతులూ జోడించాడు. బండి నాలుగడుగులు బాగానే కదిలింది. దీపం మళ్లీ వెలిగింది.

"నువ్వన్న చదువు బిడ్డా, ఉపాయం ఏమన్న ఉంటది," అంటూ నాయిన డాష్‌బోర్డు అరలోంచి బండితో పాటు వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం తీశాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు. బండికి పూజ చేసిన రోజు టైర్లతో పాటు పుస్తకానికీ బొట్టు పెట్టి లోపల భద్రంగా పెట్టాం. తెరిచి చూద్దామని మాకెవరికీ తోచలేదు, నాతో సహా.

కవరు విప్పి వెతికితే దీపం బొమ్మ ఉన్న పేజీ దొరికింది. నాయిన, మెకానిక్ ఇద్దరూ నా నోటివైపు చూస్తున్నారు.

"పుస్తకంల ఏమన్నడు?" అన్నాడు నాయిన.

"దీపం ఆరకపోతే దగ్గర్లో ఉన్న షోరూంకు పోవాలంట."

"గిది నేను చదవకుంటనే చెప్పిన గద!" అన్నాడు మెకానిక్.

సిగ్గుతో గబగబా పేజీలు తిప్పాను. శుభ్రం చెయ్యడం గురించిన పేజీలో ఒక వాక్యం నలుపు డబ్బాలో ఉంది. ఇంజన్ మీద నేరుగా నీళ్లు కొట్టకూడదు, సెన్సార్లు పాడవుతాయి.

ఆ పొద్దున్నే నాయిన బానెట్ ఎత్తించి, "నీ రిజల్టు దినం, బండి గూడ పెండ్లిపిల్ల లెక్క ఉండాలె" అన్నాడు. ఆయన గుడ్డతో రుద్దుతుంటే మోటారు పైపు పట్టుకుని ఇంజన్ నిండా నీళ్లు కొట్టింది నేనే.

అప్పుడే సేటు ఫోన్ వచ్చింది. నాయిన స్పీకర్ పెట్టాడు. "ఏమయిందిర భై? పొయ్యిలు రాలేదని పోరగాండ్లు గాయి చేస్తున్రు. ఏమున్నదట పుస్తకంల?"

నేను నాయిన మొహంలోకి చూశాను. పుస్తకం మూసేస్తే అక్కడ ఆ ముక్క చదవగలిగేవాళ్లు ఇంకెవరూ లేరు. అది ఆయనకూ తెలిసినట్టే ఉంది.

"ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా."

చదివాను. తెలుగులో చెప్పాను. మెకానిక్ లోపల ఒక వైరు మూతి పీకి దులిపాడు. రెండు నీటిచుక్కలు రాలాయి.

"నీళ్లు కొట్టిన్రా?" అన్నాడు ఫోన్‌లో సేటు.

"కొట్టిన సేట్," అన్నాడు నాయిన. నా పేరు ఎత్తలేదు.

"షోరూం తెరిచేదాంక బండి గాడనే పెట్టు" అని సేటు పెట్టేశాడు.

నాయిన ఫోన్ జేబులో వేసుకుంటూ, "ఇందాక ఏందో చెప్పబోయినవ్?" అన్నాడు.

"పాసయిన నాయినా. ఫస్ట్ క్లాస్."

"ఓరి, గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా!" అని వెంటనే సేటుకే ఫోన్ కలిపాడు. వద్దని చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. "సేట్, నా బిడ్డ ఫస్ట్ క్లాసుల పాసయింది!"

"మంచిగయింది. మరి గా బిడ్డ పుస్తకం జెర ముందుగాల చదవకపాయె," అన్నాడు సేటు. గొంతులో కోపం కూడా లేదు. "షోరూంల ఇడిచినంక తాళంచెవి తెచ్చియ్యి. ఎల్లుండి సంది పాత బండి ఎక్కు."

క్యాంపస్ నుంచి పిల్లలు నడిచి వచ్చారు. నినాదాలు ఇస్తూనే గంజులు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. మెకానిక్ నాతో చెయ్యి కలిపి, లడ్డూ బాకీ అని నవ్వి పోయాడు. నాయిన మళ్లీ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ ఆపే ఉంది. నేను పుస్తకం మళ్లీ కవరులో దూర్చి, ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. బొట్టు నా వేళ్లకు అంటింది.

ఆయన ఎడమ కాలితో క్లచ్ నొక్కాడు, వదిలాడు. మళ్లీ నొక్కాడు.

"ఎంత మెత్తగున్నదో చూడు బిడ్డా," అన్నాడు. "వెన్న లెక్క."