నస్పూర్ నుంచి పోశం, మరియు మిత్రబృందం

తెలుగులో బ్లాగులు రాసేవాళ్లంతా దుకాణాలు మూసుకుని ఫేస్‌బుక్‌కి పోయి, అక్కడా విసుగొచ్చి ఊరుకున్నాక, అప్పుడు మొదలుపెట్టాడు పోశం తన బ్లాగు. ఏ పనైనా నలుగురూ వదిలేశాక పట్టుకోవడం ఆయనకు కొత్త కాదు. జనం టేప్‌రికార్డర్లు పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తున్న రోజుల్లో అపురూపంగా ఒకటి కొని తెచ్చుకున్న మనిషి. బొగ్గుబాయి లాంప్‌రూములో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. కార్మికులు బాయిలోకి దిగేముందు టోపీకి తగిలించుకునే లైట్లు కిటికీలోంచి అందివ్వడం, ఎక్కివచ్చాక వాపసు తీసుకోవడం ఆయన ఉద్యోగం. రిటైరైన రోజు దండలు వేశారు, శాలువా కప్పారు. మర్నాడు పొద్దున లేచి ఏం చెయ్యాలో తోచక, కరీంనగర్‌లో ఉండే కూతురు మహేశ్వరికి ఫోన్ చేసి, నాకో బ్లాగు పెట్టియ్యి బిడ్డా అన్నాడు. ఇప్పుడవి ఎవలు చదువుతరు బాపూ, రీల్స్ చెయ్యరాదా అని ఆ పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన వినలేదు. బ్లాగుకు 'నస్పూర్ నుంచి పోశం' అని పేరు పెట్టించుకున్నాడు.

ఈ శుభవార్త చాయ్ హోటల్లో చెప్పడంతో వచ్చింది చిక్కు. బొగ్గు తవ్వుకుని బతికే ఊళ్లో బ్లాగంటే ఎవరికి తెలుసు? అందరికీ బ్లాకనే వినబడింది. బ్లాకంటే బొగ్గు బ్లాకే కదా. యూనియన్ లీడర్ మల్లేష్ చాయ్ గ్లాసు కిందపెట్టి, ఓపెన్‌కాస్టా, అండర్‌గ్రౌండా అని అనుమానంగా అడిగాడు. పోశం ఉన్నమాట చెప్పాడు. పాటలదేనే అన్నాడు. దాంతో పోశం వేలంపాటలో బొగ్గు బ్లాకు దక్కించుకున్నాడని ఖాయమైపోయింది. వారం రోజులపాటు ఆయనకు దక్కిన మర్యాద అంతాఇంతా కాదు. డిగ్రీ చదివిన ఇద్దరు దరఖాస్తులు పట్టుకుని ఇంటికి కూడా వచ్చారు. అసలు సంగతి బయటపడ్డాక జనం ఆయనవైపు చూసిన చూపు, మోసం చేసినవాణ్ణి చూసినట్టే ఉంది.

ఇంతకీ ఆ బ్లాగులో ఏముంటుంది? వారానికో పాత సినిమా పాట. హీరో ఎవరు, హీరోయిన్ ఎంత అందంగా ఉంది అనే ముచ్చట్లు పోశానికి పట్టవు. పల్లవికీ చరణానికీ మధ్య గాయకుడు ఊపిరి పీల్చుకుంటాడే, ఆ సందులో ఏ వాయిద్యం దూరింది, దాని వెనకాల ఏది నక్కింది, కోరస్ ఆడవాళ్లు ఎక్కడ అందుకుని ఎక్కడ జారుకున్నారు, అదీ ఆయన గొడవ. అర నిమిషం సంగీతానికి నాలుగు పేజీలు రాస్తాడు. పక్కన 'నాకు నచ్చిన బ్లాగులు' అని ఏడింటి జాబితా. అందులో ఆరు ఎప్పుడో ఆగిపోయినవే. ఒకాయన పధ్నాలుగేళ్ల కింద 'మిగతాది రెండ్రోజుల్లో' అని రాసి మాయమైపోయాడు. పోశం దసరాకూ ఉగాదికీ అక్కడికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పి, మిగతాది ఎప్పుడని అడిగి వస్తాడు.

భార్య సమ్మవ్వకు ఈ యవ్వారమంతా వింతగా ఉండేది. పాట పెడితే వింటరు గని, పాట గురించి రాస్తే ఎవలు చదువుతరని ఆమె అనుమానం. ఆ మాట అన్నప్పుడల్లా పోశం కోప్పడేవాడు.

నిజం చెప్పాలంటే, వేలమంది చదవాలని ఆయనకేం లేదు. తెలిసిన చెవి ఒక్కటి కావాలి. ఏ పాటలో ఎక్కడ ఏం మోగిందో ఎరిగినవాడొకడు చదివి, అవునురా, నిజమే అని తల ఊపాలి. అంతే ఆయన ఆశ. అటువంటి చెవి పోశం ఎరుకలో నస్పూర్‌లో ఒకటే ఉంది. అది రాజం చెవి. ఆ రాజానికీ ఈయనకూ ముప్పై ఆరేళ్లుగా మాటల్లేవు.

ఎందుకు లేవంటే, అదొక కథ. ఇద్దరూ పనికి రానివాళ్ల బదులు దిగే బదిలీ కూలీలుగా బాయిలో చేరిన కొత్తలో ఒక్కటే గది, ఒక్కటే రేడియో. కోరిన పాటల కార్యక్రమానికి ఉత్తరాలు రాయడం వాళ్ల వ్యసనం. రాజం వినేవాడు, పోశం రాసేవాడు. రాజం కళ్లు మూసుకుని, అగో వేణువు వొక్కటి కాదు రెండున్నయి అని చెప్తే, అప్పుడు పోశానికి రెండోది వినబడేది. పోశం దస్తూరి ముత్యాలకోవ, కార్డు ఆయనే రాసేవాడు. పేర్లు ఎక్కువుంటే పాట తొందరగా వేస్తారని నమ్మకం కాబట్టి, కోరినవారు అని పెట్టి తన పేరు, రాజం పేరు, ఆ కింద రేడియో మొహమే చూడని ముత్తయ్య, వెంకటి లాంటివాళ్లందరి పేర్లూ ఎక్కించేవాడు. రాసేవాడి చేతిలో పెన్నుంటే ఎవరి పేరు ముందుంటుందో వేరే చెప్పాలా?

రాజానికి ఆదిలాబాద్ అవతల పెన్‌గంగ ఒడ్డు ఊరి పిల్ల గంగుబాయితో పెళ్లయింది. కొత్తల్లుడు పండక్కి పోయి, రేపు మధ్యాహ్నం రేడియోల నా పేరొస్తది సూడుండ్రి అని అత్తగారింట్లో గొప్పలు పోయాడు. మర్నాడు వాకిట్లో రేడియో పెట్టుకుని వాడకట్టంతా కూర్చుంది. ఆ పూట టైము చాల్లేదో ఏమో, రేడియో అమ్మాయి గబగబా, కోరినవారు నస్పూర్ నుంచి పోశం మరియు మిత్రబృందం అని పాట వేసేసింది. అంతమంది అల్లుడివైపు చూశారు. ఆ ఊళ్లో రాజానికి అదే పేరు ఖాయమైంది. ఇప్పటికీ అక్కడ ముసలివాళ్లు మిత్రబృందం అల్లుడొచ్చిండు అనే అంటారు.

తిరిగొచ్చి రాజం అన్న మాట ఒక్కటే, నా పేరు ముందల రాస్తే నీ సొమ్మేం పోయేది అని. దస్తూరి ఎవలిదో వాళ్ల పేరే ముందుంటదన్నాడు పోశం. అయిపోయింది. తర్వాత రాజం డ్రిల్లు పనికి పోయాడు, పోశం లాంప్‌రూముకు వచ్చాడు. ప్రతి షిఫ్టులోనూ రాజం కిటికీ దగ్గరికి వచ్చి ఇత్తడి బిళ్ల పెట్టాలి, పోశం లైటు ఇవ్వాలి. ఇంచుమించు ముప్పై ఏళ్లు బిళ్ల పెట్టాడు, లైటు తీసుకున్నాడు, ఒక్కనాడు నోరు మెదపలేదు. ఈయన మాత్రం తక్కువ తిన్నాడా? అయితే ఆ లైట్లలో బ్యాటరీ బాగున్నది ఏరి రాజానికి పక్కన పెట్టేవాడు. ఆ సంగతి సమ్మవ్వకు కూడా తెలియదు. రిటైరై క్వార్టర్లు ఖాళీ చేశాక ఇళ్లు కట్టుకున్నది కూడా ఒకే కాలనీలో, రెండు గల్లీల తేడాతో. బ్లాగులో పోశం రాసే విశేషాల్లో సగం ఒకప్పుడు రాజం చెవులు పట్టుకున్నవే. ఆ మాట మాత్రం బ్లాగులో ఎక్కడా ఉండదు.

బ్లాగు పెట్టిన ఎనిమిదో నెలలో మొదటి వ్యాఖ్య వచ్చింది. పేరు లేదు, 'అజ్ఞాత' అని ఉంది. 'రెండో చరణం ముందు వేణువు ఒకటా రెండా' అని అడిగాడు, అంతే. పోశం చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు. మొహమాటపు పొగడ్త లేదు, నమస్కారం లేదు, నేరుగా వేణువు దగ్గరికే వచ్చాడంటే ఎవరో పెద్ద విద్వాంసుడే అయ్యుండాలి. హైదరాబాద్‌లో ఉంటాడు, తెల్ల జుట్టు, గోడలనిండా రికార్డులు. ఇలా ఆయన రూపురేఖలు కూడా పోశమే ఖాయం చేసుకున్నాడు. రెండని జవాబిచ్చి, మూడు రోజులు ఎవరు పలకరించినా నవ్వుతూ తిరిగాడు.

ఇక ప్రతి వారం అజ్ఞాత రావడమే. వయొలిన్లు ఎడమవైపు నుంచా, కుడివైపు నుంచా? గాయని నవ్వే చోట నవ్వు మెల్లగానా, గట్టిగానా? ఘటం ఉందా, డోలక్కేనా? పోశం చెప్పినకొద్దీ అడుగుతూనే పోయాడు. ఏడాదిన్నర ఇలా గడిచింది. మొదట్లో ముచ్చటపడ్డవాడికి రానురాను చిరాకు పుట్టింది. ఒక్కసారి పాట పెట్టుకుంటే తెలిసిపోయే సంగతి నన్నెందుకు అడుగుతాడు, పరీక్ష పెడుతున్నాడా ఏమని అనుమానం. ఒకరోజు 'రెండో చరణం ముందు తబలా ఎలా నడుస్తుందో వివరంగా రాయగలరు' అని వచ్చింది, ఆఫీసుకి పెట్టుకున్న దరఖాస్తులాగ. ఆ పొద్దునే మహేశ్వరి ఫోన్‌లో, నీ బ్లాగు తెరిచి చూసేది ఎక్కువసార్లు నువ్వే బాపూ అని లెక్క చెప్పి ఉంది. ఆ మంట ఈ విద్వాంసుడి మీద పడింది. పోశం ఇలా రాసి పడేశాడు:

"చెవులున్నయా లేవా? ఉంటే పాట పెట్టుకొని వినుండ్రి. లేకుంటే నా బ్లాగు దిక్కు రాకుండ్రి."

రాశాక ఒక పూట హాయిగానే ఉంది. ఆ వారం కొత్త పాట మీద రాశాడు. వ్యాఖ్య రాలేదు. మరో వారం ఇంకా పెద్దది రాశాడు. రాలేదు. అప్పుడు కావాలని సితార్ ఉన్నచోట వీణ అని తప్పు రాసి పెట్టాడు, కనీసం దిద్దడానికైనా వస్తాడని. ఆ తప్పు అలాగే పడి ఉంది. రోజుకు ఇరవైసార్లు ఫోన్ తెరిచి చూసుకుంటున్నాడు. అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోతున్నాడు. ఉన్న ఒక్క చెవినీ చేజేతులా పోగొట్టుకున్నానన్న బాధ ఎవరికి చెప్పుకుంటాడు? చెప్తే నవ్వుతారు. బ్లాకు పోగొట్టుకున్నా అర్థముంది.

మూడువారాల తర్వాత సమ్మవ్వ మంచిర్యాల అంగడి నుంచి వచ్చి కూరగాయలు సర్దుతూ మాట కలిపింది. ఆమె అంగడికి పోయేది గంగుబాయితోనే. మగవాళ్లు మాట్లాడుకోకపోతే ఆడవాళ్లు కూరగాయలు కొనుక్కోవద్దా? కానీ రాజం పేరెత్తితే ఈయన మొహం మాడిపోతుందని ఇన్నేళ్లూ ఇంట్లో ఎత్తలేదు. ఇవాళ ఆగలేకపోయింది. రాజానికి చెవులు పోయి రెండేళ్లు దాటిందట. వయసూ, డ్రిల్లు మోతా కలిసి పూర్తిగా తినేశాయి. కొడుకు ప్రేమ్‌సాగర్ చెవి మిషను తెచ్చిస్తే, అది పెట్టుకుంటే ఆ మోతకు మళ్లీ బాయిలకు దిగినట్టే ఉన్నదని డబ్బాలో పడేశాడు. పాటలు లేక పిచ్చెక్కినట్టయిన మనిషి, ఫోన్‌లో ఏదో చదవడం మొదలుపెట్టాక కుదుటపడ్డాడట. చదువుతూ చదువుతూ కళ్లు మూసుకుని కుర్చీ చెయ్యి మీద దరువేసేవాడట.

"గిప్పుడు మూడు వారాలాయె, ఫోన్ బోర్ల పెట్టి కూసున్నడట," అంది సమ్మవ్వ. "ఎవడో అండ్ల చెవులున్నయా లేవా అని అడిగిండట. నిజంగనే లేవాయె. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదంటది గంగుబాయి."

పోశం బెండకాయల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. జ్వరమొచ్చిందా అని సమ్మవ్వ నుదురు పట్టి చూసింది.

ఆ సాయంత్రం బ్లాగులో క్షమాపణ రాద్దామని మొదలుపెట్టాడు. వేణువుల గురించి పేజీలకు పేజీలు పారే చెయ్యి, తప్పైంది అనే ఒక్క మాట దగ్గర మొరాయించింది. పోనీ, కోరినవారు అని పెట్టి రాజం పేరు ముందు రాద్దామనుకున్నాడు. రాశాడు, చూసుకున్నాడు, చెరిపేశాడు. ఇన్నేళ్ల పంతం ఒక్క పూటలో పోతుందా? సిగ్గు లేని చెయ్యి అని తన చేతినే తిట్టుకుని ఫోన్ పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున చెప్పులేసుకుని రెండు గల్లీలు నడిచాడు. రాజం వరండాలో చెక్కకుర్చీలో కూర్చుని ఉన్నాడు. గేటు చప్పుడు ఆయనకు తెలియదు, ఎదురుగా వచ్చి నిలబడ్డాక తలెత్తాడు. జుట్టు తెల్లబడింది, ఆ ఒక్కటీ పోశం ఊహించినట్టే ఉంది. గంగుబాయి తలుపు దగ్గరికొచ్చి, ఇద్దర్నీ చూసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పోశం దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ గబగబా చెప్పుకుపోయాడు. నాకు తెల్వది, తెలిస్తే గట్ల రాస్తనా, పెద్ద తప్పైంది అని. రాజం ఆయన పెదాలవైపు కాసేపు చూశాడు.

"ఊకె ఎందుకు నోరాడిస్తవ్, వినబడదు," అన్నాడు, తన గొంతు తనకే తెలియక గల్లీ అంతా వినబడేట్టు. "గా తబలా సంగతి రాయలే నువ్వు."

అంటే రాజానికి మొదటినుంచీ తెలుసు. తెలియకేం, బ్లాగు నెత్తిమీద పేరుంది కదా. తెలిసే చదివాడు. తన చెవులు పట్టుకున్న సంగతులన్నీ పక్కవాడి పేరుమీద ఏడాదిన్నర చదివాడు, ఒక్కమాట అనలేదు. పోశానికి ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు.

స్టూలు లాక్కుని కూర్చుని రాజం అరచెయ్యి తన మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. కూరగాయల బండివాడు గేటు ముందు ఆగి, ఈ ముసలోళ్లకేమైందని వింతగా చూస్తున్నాడు. చూస్తే చూడనీ అనుకుని, పోశం ఆ అరచేతి మీద నాలుగు వేళ్లతో రెండో చరణం ముందరి తబలా వాయించడం మొదలుపెట్టాడు. రాజం కళ్లు మూసుకున్నాడు. నొసలు ముడిపడింది. ఆవర్తం పూర్తికాకముందే చెయ్యి వెనక్కి గుంజుకున్నాడు.

"తప్పు. మూడో దెబ్బ ముందల వడ్డది."

జన్మలో ఒకరు తప్పంటే ఒప్పుకోని మనిషి పోశం. ముక్కు తుడుచుకుని, ఆ చెయ్యి మళ్లీ అందుకుని, మొదటినుంచి వాయించాడు.