చెలమ పూడ్చిన రోజు

మొన్న ఆదివారం పొద్దున ఖానాపురం హవేలిలో మా ఇంటి గేటు ముందు ఒక సైకిలు ఆగింది. తలకు హెల్మెట్టు, సైకిలుకు రెండు పక్కలా సంచులు వేలాడేసుకున్న పాతికేళ్ళ అమ్మాయి ఒక్కతే దిగి, "అంకుల్, కొంచెం నీళ్ళిస్తారా?" అని అడిగింది. హైదరాబాదు నుంచి వస్తున్నదట, ఇల్లందు మీదుగా గుండాల అడవి దాటి భద్రాచలం పోతుందట. ఎండలు ముదిరాయి, ఆ దారిలో నీళ్ళకు కష్టమమ్మా అంటే, "ఇన్ని వాగులున్నాయి కదా అంకుల్" అని ఫోను తెర మీద వేలు పెట్టి చూపించింది. నీలం గీతలు. నలభై ఏళ్ళ కిందట నా నోటుబుక్కులో నేను గీసుకున్న నీలం గీతలే అవి, అవే వంపులతో. చేతిలో సీసా నిండి పొర్లుతున్నా కుళాయి కట్టేయడం మరిచిపోయాను.

నేను ఏడో తరగతితోనే బడి మానేసినవాణ్ణి. ఇల్లందులో మా మేనమామ బొగ్గుబాయిలో పనిచేసేవాడు, ఆయన పుణ్యమా అని నాకు ల్యాంప్ రూంలో, అంటే బాయిలోకి దిగేవాళ్ళ తలదీపాలు తుడిచి ఛార్జి పెట్టి ఇచ్చే గదిలో, పని దొరికింది. షిఫ్టు దిగాక నా జతగాళ్ళు సినిమాకు పోతే నేను శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. మీ ఊళ్ళోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, పెంకుల కప్పు, పొడుగాటి బల్ల, ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టేసిన పెన్సిలు, పేపరు కోసం కాచుకుని కూర్చునే పెద్దమనుషులు. నాకు ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి మొదటి బీరువా మొదటి వరసలో ఎడమ చివర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను, కోళ్ళ పెంపకం మీద పుస్తకాన్ని కూడా వదల్లేదు. అలా చదువుకుంటూ భూగోళం, యాత్రలు ఉన్న బీరువా దగ్గరికి వచ్చి రెండేళ్ళు అక్కడే ఉండిపోయాను. ఎడారులు ఎలా దాటాలో, మంచుకొండల మీద గుడారం ఎలా వేయాలో అన్నీ నాకు నోటికి వచ్చు. ఆ సంగతి ఊరికే ఉంచుకునేవాణ్ణి కూడా కాదు, క్యాంటీనులో టీ తాగుతూ అందరికీ చెప్పేవాణ్ణి.

ఒకరోజు గ్రంథాలయం సారు నా కార్డు మీద ముద్ర వేస్తూ, "లోకమంత తిరిగొచ్చినవ్ గని, గుండాల అవతల ఏమున్నదో ఎన్నడన్న చూసినవా?" అన్నాడు. నవ్వుతూ అన్న మాటే. కానీ ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అయిదు రోజులు సెలవు పెట్టాను. మామయ్య సైకిలు అడిగి తీసుకున్నాను. లైబ్రరీలో పెద్ద అట్లాసు ముందు కూర్చుని, ఇల్లందు నుంచి అడవిలో పడి మణుగూరు, అక్కడి నుంచి గోదావరి వంతెన దాటి భద్రాచలం, ఆపైన దుమ్ముగూడెం దాకా దారిని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. దారికి ఎర్ర పెన్సిలు, వాగులకు నీలం పెన్సిలు. వాగు వాగుకూ మధ్య ఎన్ని మైళ్ళో లెక్కగట్టి, ఒక్క మిలిటరీ సీసా నీళ్ళు చాలునని తేల్చుకున్నాను. మామయ్య క్యారియరుకు నా మూట కడుతూ, "బస్సులుండంగ సైకిలు మీద పోతనంటవ్, పుస్తకాలు జదివి దిమాక్ ఖరాబైనట్టున్నది" అని, కట్టిన తాడును మళ్ళీ ఒకసారి బిగించి చూశాడు.

అది వైశాఖ మాసం. మొదటి రోజు పల్లేరుకాయలు గుచ్చుకుని రెండు పంక్చర్లు తప్ప చెప్పుకోవలసింది ఏమీ లేదు. రెండో రోజు బండ్లబాట పట్టి అడవి లోపలికి పోయాక మాత్రం, నేను చదివిన యాత్రికులంతా ఎందుకు ఒంటరిగా పోయారో తెలిసింది. టేకుచెట్లన్నీ ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడా తపసి చెట్లు, బెరడు తెల్లగా, ఎవరో సున్నం వేసి పోయినట్టు. నేలంతా ఎండుటాకు, చక్రం కింద పడి నలిగినప్పుడల్లా అప్పడం విరిగినంత చప్పుడు. తొక్కడం ఆపితే ఆ చప్పుడు ఆగిపోయి, నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించేంత నిశ్శబ్దం. ఎక్కడో ఒక్క ఆకు రాలి, కొమ్మకూ కొమ్మకూ తగులుకుంటూ కిందికి రావడం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఇంత పెద్ద చోటు, మా ల్యాంప్ రూంకు ఒక పగటి దూరంలో, నేను పుట్టకముందు నుంచీ ఇలాగే ఉన్నదా అనుకున్నాను. సైకిలు దిగి, ఎవరో పెద్దల ఇంట్లో నడుస్తున్నట్టు నెమ్మదిగా నడిపించుకుంటూ పోయాను.

మధ్యాహ్నానికి సీసా అడుగంటింది. నా లెక్క ప్రకారం అక్కడికి అర మైలులో నీలం గీత. వాగు ఉన్నది కూడా, లెక్క తప్పలేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లటి ఇసుక, అందులో చుక్క నీరు లేదు. ఇసుకలో తోడి నీళ్ళు తీసే గుంటను చెలమ అంటారని నాకు తెలియక కాదు, పుస్తకాల్లో చాలాసార్లు చదివినదే. వాగు నడిమధ్యలో, టైరు విప్పే పట్టీతో మోచేతిలోతు తవ్వాను. లోపల కూడా పొడి ఇసుకే, పైగా వేడి. ఒడ్డున కూలబడి, నాలుక అంగిలికి అంటుకుపోతుంటే, నోటుబుక్కు తీసి ఆ నీలం గీతనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను.

అప్పుడు వచ్చింది ఒక అవ్వ. ఆ అడవిపల్లెల మనిషి, నడుముకు నీళ్ళు పట్టుకునే ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని, చేతికర్ర పొడుచుకుంటూ.

"ఏంది బిడ్డా, వాగుల కూసోని దూపకు సచ్చెటట్టున్నవ్?"

నోటుబుక్కు చూపించి, ఇక్కడ వాగు ఉన్నదని రాసుకున్నాను, నీళ్ళు లేవు అన్నాను. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి దీన్ల ఉన్నయా?" అని నా చేతికి తిరిగి ఇచ్చింది.

వాగు మలుపు తిరిగే చోట, ఏరుమద్ది చెట్టు వేళ్ళు ఒడ్డు దిగి ఇసుకలోకి పోయిన దగ్గర ఆమె కూర్చుంది. రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. తొందర లేదు. మోచేతి దాకా పోయాక ఇసుక రంగు మారింది, భుజం దాకా పోయాక ఆగింది. ఇక పని అయిపోయినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గుంటలోకి వంగి చూస్తున్నాను. మొదట గింజ గింజా మెరిసింది. తర్వాత ఎక్కడి నుంచో తెలియకుండా, చప్పుడు లేకుండా, అడుగున అరచేయంత నీరు నిలిచింది. అంత ఎండలో, అంత ఎండిన అడవి కింద, నీళ్ళు నడుస్తున్నాయి. నేను చదివిన ఏ సముద్రమూ నన్ను అలా నోరు తెరిపించలేదు. ఆమె మాత్రం ఆ బురదనీళ్ళను తోడి గుంట పక్కన ఇసుకలో పారబోసింది, మళ్ళీ ఊరనిచ్చింది, మళ్ళీ పారబోసింది. నాలుగోసారికి తేటగా వచ్చాయి. మోదుగాకు దొప్ప కుట్టి ముంచి ముందు నాకిచ్చింది, తర్వాత తాను తాగింది. దొప్పను ఒక పుల్లకు గుచ్చి గుంట అంచున నిలబెట్టి, బుర్రను ఖాళీగానే కట్టుకుని, ఏమీ చెప్పకుండా కాలిబాట పట్టి అడవిలోకి పోయింది.

నేను చెట్టు నీడన ఎండ తగ్గేదాకా పడుకున్నాను. సీసా నింపుకున్నాను. బయలుదేరేముందు నాకొక సంగతి గుర్తొచ్చింది. మంచి యాత్రికుడు తాను ఆగిన చోట తన గుర్తు ఏదీ వదిలిపెట్టడని, తవ్విన గుంటను పూడ్చి, నేలను ముందున్నట్టే చేసి పోతాడని పుస్తకంలో చదివాను. ఆ నీళ్ళంటే నాకు అప్పుడు భక్తి లాంటిది కలిగింది, వాటికి ఏదైనా చేయాలనిపించింది. తోడిన ఇసుకంతా లోపలికి నెట్టి, అరచేతులతో చదును చేసి, దొప్పను పుల్లతో సహా తీసి పొదల్లో పారేసి, ఎండుటాకులు నాలుగు పైన చల్లి, వెనక్కి తిరిగి చూసుకుని ఎంతో తృప్తిగా సైకిలెక్కాను.

మైలు దూరం పోయానో లేదో, ఎదురుగా తునికాకు మోపులు నెత్తిన పెట్టుకుని ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు, ఎవరిదో పసిబిడ్డను చంకన వేసుకుని, ఆ అవ్వ. నన్ను చూసి నవ్వింది.

"దూప తీరిందా బిడ్డా? మేం గూడ గక్కడికే. ఇప్పటికి అద్దం లెక్క తేటపడి ఉంటది."

అప్పుడు తెలిసింది నాకు. ఆమెకు వంగి ఆకు కోసే వయసు దాటిపోయింది. అందుకని వీళ్ళు ఆకు తెంపుతుంటే ఆమె ముందుగా వాగుకు నడిచిపోయి చెలమ తీసి పెడుతుంది. వీళ్ళు వచ్చేసరికి నీళ్ళు ఊరి తేరుకుని ఉంటాయి. ఆమె పని అది. పొద్దుటి నుంచి వాళ్ళ నీళ్ళ బుర్రలు ఖాళీ. బిడ్డ తల్లి పెదవులు పగిలి ఉన్నాయి. పల్లె వాగు అవతల ఇంకా రెండు మైళ్ళు.

"చెలమను నేనే పూడ్చేసిన, అవ్వా" అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చూసింది. "ఎందుకు?"

పుస్తకంలో అలా ఉన్నదని చెప్పాను. ఆమె, "ఆ పుస్తకం రాసినాయన ఒక్కడే పోయిండేమో, ఆయన ఎనుక ఎవలు రారేమో" అన్నది. కోపంగా కాదు, నిజంగానే అలా అయి ఉంటుందని అనుకుంటున్నట్టు. ఆపైన, "మరి ఇంక నిలబడ్డవేంది? నీ బండి మాకంటె జల్దీ పోతది గద, పోయి తియ్యి" అన్నది. నా సీసా బిడ్డ తల్లి చేతిలో పెట్టి సైకిలు వెనక్కి తిప్పాను.

ఆ మైలు నేను ఎలా తొక్కానో నాకు తెలియదు. తీరా వాగుకు చేరితే చెలమ ఎక్కడుందో కనిపించలేదు. గుర్తు లేకుండా చేయడంలో అంత బాగా పనిచేశాను. ఏరుమద్ది వేళ్ళు పది చోట్ల ఇసుకలోకి దిగి ఉన్నాయి. ఒకచోట తోడాను, పొడి. ఇంకోచోట తోడాను, రాయి తగిలింది. వాళ్ళు నడిచొచ్చే లోపల నీళ్ళు ఊరాలి, బురద తీయాలి, తేరాలి. ఏడుపు వచ్చింది, ఏడవడానికి కూడా భయమేసింది. తల ఎత్తి చూస్తే, నాకు నాలుగు అడుగుల అవతల ఇసుక మీద పసుపు రంగు కదులుతోంది. సీతాకోకచిలుకలు, ఇరవై ముప్పై, రెక్కలు ముడిచి తెరిచి, నేలకు మూతులు ఆనించి కూర్చున్నాయి. అవ్వ నాలుగుసార్లు పారబోసిన నీళ్ళు ఇంకిన చోటు అది. పైకి నా కంటికి పొడిగానే ఉన్నది, వాటికి మాత్రం తెలిసింది.

వాటి పక్కనే మోకాళ్ళ మీద పడి తోడాను. గోళ్ళు విరిగాయి. భుజం దాకా పోయేసరికి చల్లదనం తగిలింది. మొదటి నీళ్ళు పారబోశాను, రెండోవి పారబోశాను. మూడోసారి ఊరుతుండగా వాళ్ళు ఒడ్డు దిగారు. వాళ్ళలో వాళ్ళు తమ భాషలో ఏదో అనుకుని నవ్వి, ఒకామె నాకు వినపడాలనే తెలుగులో, "అవ్వ తీసిన నీళ్ళకు అన్న తలుపేసిండట" అన్నది. "తాళంచెవి ఏ పుస్తకంల పెట్టినవన్నా?" అని ఇంకొకామె. నేను మూడో నీళ్ళు కూడా పారబోశాను. నాలుగోసారి నీళ్ళు తేటగా వచ్చాక, అవ్వ కొత్త దొప్ప కుట్టి ముందు బిడ్డ తల్లికి ఇచ్చింది, తర్వాత వరసగా అందరికీ. చివర నాకు. నేను తాగి దొప్పను నేల మీద పెట్టబోతే, ఆమె నా చేతికి పుల్ల అందించింది. గుచ్చి, అంచున నిలబెట్టాను. ఆమె తల ఊపింది.

తర్వాత రెండు రోజులకు దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గర నిండుగా నిలిచిన గోదావరిని చూశాను. ఎంత దూరం చూసినా నీరే. చేతులు జోడించాను కానీ, అడుగున అరచేయంత నీరు నిలిచినప్పుడు కలిగిన విస్మయం మళ్ళీ కలగలేదు. ఇల్లందుకు తిరిగొచ్చి గ్రంథాలయం సారుకు అంతా చెప్పాను, పూడ్చిన సంగతితో సహా. ఆయన దారానికి కట్టిన పెన్సిలు నా వైపు జరిపాడు. నోటుబుక్కులో ఆ నీలం గీత మలుపు దగ్గర ఒక చుక్క పెట్టాను.

కిందటి వేసవిలో మా అల్లుడి బండి మీద ఆ దారిన పోయాను. ఇప్పుడది తారు రోడ్డు, వాగు మీద వంతెన. దిగి చూశాను. ఇసుక అంతా లారీలు ఎత్తుకుపోయాయి, అడుగున బంకమట్టి పగుళ్ళిచ్చి ఉన్నది. ఏరుమద్ది ఉన్నది కానీ వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. నీళ్ళు దాచుకోవడానికి ఇసుకే లేనప్పుడు ఎవరు ఎంత తోడితే ఏముంది? చేతిలో ఉన్న కొన్న నీళ్ళ సీసాను ఆ వేళ్ళ మొదట్లో వంచాను. సీతాకోకచిలుకలు వస్తాయేమోనని కాసేపు చూశాను. అల్లుడు పైనుంచి హారను కొట్టాడు.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు, ఆమెకు ఎండ ఎక్కకముందే పోవాలని తొందర. ఆ నీలం గీతలను నమ్ముకోకు బిడ్డా, కనిపించిన ప్రతి ఊళ్ళో సీసాలు నింపుకో అని మాత్రం చెప్పి, మూడో సీసా ఒకటి వెతికి తెచ్చి ఇచ్చాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. నా కాలంలో నేను ఒంటరిగా పోయాననే చెప్పుకుని తిరిగాను, తన వెనక వచ్చేవాళ్ళ కోసం ముందు నడిచిన ఒక మనిషి నాకు నీళ్ళు తీసి పెట్టిందన్న సంగతి ఎప్పుడూ చివరనే చెప్పేవాణ్ణి. ఇప్పుడా దారిలో ఆ పిల్లకంటే ముందు ఎవరైనా నడిచి ఉంటారా అని, కుళాయి కింద తడిసిన నేల ఆరిపోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.