మఖమలు గదిలో గాలి గొట్టం

నగల పెట్టె మూత తెరిస్తే లోపల వేలికి మెత్తగా తగిలే మఖమలు ఉంటుందే, అది ఆమె చేతి పని. ఫ్యాక్టరీలో అందరికీ ఆమె మఖమలక్క. నైలాన్ దారాన్ని కంటికి ఆననంత సన్నగా, పొడిలా కత్తిరించి, జిగురు పూసిన గుడ్డ మీద రాలుస్తారు. కరెంటు ఇవ్వగానే ఆ పొడి ఒక్కసారిగా లేచి నిలబడుతుంది, గుడ్డకు ఒళ్లు జలదరించినట్టు. ఇన్నేళ్లలో ఆ క్షణాన ఆమె ఒక్కసారీ తల తిప్పుకోలేదు.

పని దిగే వేళ అక్కడొక మర్యాద ఉండేది. యంత్రాలను శుభ్రం చేసే గాలి గొట్టంతోనే పెద్దవాళ్లు చిన్నవాళ్లను దులపాలి. బుస్సుమని కొడితే జుట్టు, భుజాలు, కనురెప్పలు అన్నీ తేలికైపోయేవి. మనిషి పక్కకు తప్పుకున్నా, రేగిన పొడి మాత్రం కిటికీ వెలుగులో కాసేపు మనిషి ఆకారంలోనే నిలబడి ఉండేది. ముందు భుజాలు కరిగేవి. చివరికి తల.

చెల్లెలికి ఆ ఉద్యోగం ఇప్పించింది మఖమలక్కే. రోజూ సాయంత్రం చెల్లెలు చేతులు చాపి, కళ్లు మూసుకుని ఆమె ముందు నిలబడేది.

“మెల్లగా అక్కా, ఎగిరిపోతాను.”

“నిన్ను ఎగరేయాలంటే గొట్టం చాలదే, తుఫాను రావాలి.”

ఎర్ర మఖమలు చేసిన వారం, తెల్లారేసరికి ఆమె దిండు మీద లేత ఎరుపు మొహం ఒకటి అచ్చు పడి ఉండేది. నీలం వారం నీలి మొహం. “రాత్రి నా పక్కన ఎవరిని పడుకోబెట్టావే?” అని భర్త నవ్వేవాడు. ఆమె కూడా నవ్వబోయేది. నవ్వు ఆగినా దగ్గు ఆగేది కాదు. మెట్లెక్కుతుంటే ఎవరో వెనక నుంచి ఛాతీకి దారం చుట్టి బిగిస్తున్నట్టుండేది.

ఛాతీ డాక్టరు ఆమె ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు ఎత్తి చూపించింది. ఊపిరితిత్తుల్లో మంచు దిగినట్టుంది.

“ప్లాస్టిక్ నూగు అమ్మా. లోపలికి పోయింది కరగదు. దాని చుట్టూ ఊపిరితిత్తి వాచి, గట్టిపడుతోంది. ఇక ఆ గదిలోకి వెళ్లొద్దు. ఒంటి మీద పొడి ఎలా దులుపుకుంటారు?”

“గాలి గొట్టంతో. మా చెల్లి మీద ఒక్క నూగు మిగలనివ్వను.” గర్వంగానే చెప్పింది.

డాక్టరు ఫిల్ము దించింది. “ఒంటి మీద మిగలదమ్మా. అంతా గాల్లోకి లేస్తుంది. ఆ గాలి పీల్చేది ఎవరు?”

మఖమలక్క తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్లింది. పని దిగుతున్నారు. చెల్లెలు అప్పటికే చేతులు చాపి నిలబడింది. గొట్టం ఇంకెవరి చేతిలోనో ఉంది. మఖమలక్క దాన్ని లాక్కుని గాలి కట్టేసింది. గుడ్డ తడిపి, చెల్లెలి నుదురు, చెవులు, మెడ మెల్లగా తుడిచింది.

“ఏంటక్కా, పసిపిల్లని తుడిచినట్టు! అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. పద డాక్టరు దగ్గరికి.”

“నాకేమైందని?” నవ్వబోయి చెల్లెలు దగ్గింది. చిన్న దగ్గే. ఆ దగ్గును అక్క గుర్తుపట్టింది.

ఎక్స్‌రే గది అద్దం వెనక చెల్లెలు చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబడింది.

“ఊపిరి బిగపట్టమ్మా,” అన్నాడు ఎక్స్‌రే తీసే మనిషి.

అద్దం ఇవతల మఖమలక్క కూడా బిగపట్టింది.

“ఇక వదలొచ్చు.”

చెల్లెలు వదిలింది. మఖమలక్క ఇంకా వదల్లేదు.