సభలో నేను చదవని రూలు

ఒక బరువును ఇన్నేండ్లుగా మోస్తున్నాను. మోసీ మోసీ అలవాటైపోయిందనుకున్నాను. కాలేదని నాకు బిడ్డ పుట్టినాకే తెలిసింది. పాప ఇప్పుడే నిద్రపోయింది. నా పేరు రాయను. పేరు రాయాల్సి వస్తే ఇది ఎప్పటికీ రాయలేను. మీరెవరో నాకు తెలియదు. నాకున్న ధైర్యం అదొక్కటే.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివి, అచ్చంపేట దిక్కున్న మా ఊరికి తిరిగొచ్చాను. చదువుకున్న ఆడపిల్లనని మహిళా సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. సంఘంలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లు. వాళ్లు అడిగింది ఒక్కటే. పనికి పోతూ చంటిపిల్లల్ని వదిలిపెట్టడానికి కొంచెం నీడ. చెట్టుకొమ్మకు చీర కట్టి, అందులో పిల్లను పడుకోబెట్టి, ఏడుపు వినిపిస్తుందేమోనని ఒక చెవి అటే పెట్టి నాట్లు వేసేవాళ్ల కోరిక అది.

మండల ఆఫీసులో అడిగాను. సంఘాలకు గ్రాంటు రెండు రకాలుగా ఇస్తామన్నారు. ఒకటి చంటిపిల్లలను చూసుకునే గదికి. దానికి ఆయాలు చాలు, ఊరి ఆడవాళ్లనే పెట్టుకోవచ్చు. రెండోది బాల్వాడీకి. అందులో మూడేండ్లు నిండిన పిల్లలనే చేర్చుకోవాలి. దానికి మాత్రం చదువుకున్న టీచరు కావాలి, జీతం ఇస్తారు. ఒక సంఘానికి ఒకటే గ్రాంటు. ఏది కావాలో సంఘం సభలో తేల్చుకోవాలి. రూల్సన్నీ అందరికీ చదివి వినిపించి, ఒప్పుకున్నట్టు వేలిముద్రలు తీసుకోవాలి. గది కట్టేటప్పుడు ఊరివాళ్ల వాటా కింద శ్రమదానం చేయాలి.

సభ దాకా ఆగలేదు నేను. ఆ ఆఫీసు బెంచీ మీదనే బాల్వాడీ అని తేల్చుకున్నాను.

బాపు నాకు సంబంధాలు చూస్తున్నాడు. ఆ టీచరు ఉద్యోగం నాకు దొరికితే ఇంకొన్నాళ్లు ఆగుతాడని నా ఆశ. ఇది సాకు కాదా? సాకే.

బడి వరండాలో సభ పెట్టాం. ఒక్కో రూలూ చదివి అర్థం చెప్పాను. మూడేండ్ల రూలు దగ్గరికొచ్చాను. నా గొంతు వణకలేదు. తడబడనైనా లేదు. ఇప్పటికీ నాకు భయం వేసేది అందుకే. దాన్ని దాటేసి తర్వాతి రూలు చదివాను. రెండు రకాల గ్రాంటు ఉందన్న సంగతే ఎత్తలేదు. అందరూ సంతోషంగా వేలిముద్రలు వేశారు. పెద్దపిల్లలతో పాటు చంటివాళ్లను కూడా ఏదో మూలన పడుకోబెట్టొచ్చులే అని అప్పుడు అనుకున్నానా? అనుకున్నానని చాలా ఏండ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అనుకోలేదు. నేనేమీ అనుకోలేదు.

మా సంఘంలోని శంకరమ్మ సంగతి చెప్పాలి. ఆమె మొగుడు మేస్త్రి వెంట ఎక్కడో డ్యాం పనికి పోయాడు. ఏటా ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. ఆ ఏడు లచ్చి పుట్టింది. గది వస్తుంది కదా, పిల్లను అందులో వదిలి ఊళ్లోనే కూలి చేసుకుంటానని ఆమె ఆగిపోయింది. శ్రమదానానికి అందరికంటే ముందు వచ్చేది. లచ్చిని నీడలో గోనెసంచి మీద పడుకోబెట్టి రాళ్లు మోసేది. ఒకరోజు నేనూ ఒక తట్ట ఎత్తబోతే నవ్వింది.

"వద్దు చెల్లె, సదువుకున్న చేతులు. గీతలు చెరిగిపోతె నీ పెండ్లెట్లయితది?"

గది లేచింది. నాకు ఉద్యోగం వచ్చింది. తెరిచిన మొదటిరోజు పొద్దున్నే శంకరమ్మ వచ్చింది. లచ్చికి తలంటి, బుగ్గన కాటుకచుక్క పెట్టి, చంకలో చిన్న బొంత కూడా పెట్టుకొని వచ్చింది.

"ఇగో చెల్లె, నీ మొదటి గిరాకి."

"అక్కా, మూడేండ్లు నిండినోళ్లనే తీసుకోవాల్నంట."

"గట్లెట్ల? మీటింగుల గా ముచ్చట చెప్పకపోతివి."

"కొత్తగా వచ్చింది రూలు. పైనుంచి."

ఆమె కాసేపు గోడ దిక్కు చూసింది. తను మోసిన రాళ్ల గోడ. తర్వాత నా ముఖం చూసింది. నేనే బాధపడుతున్నాననుకుందో ఏమో, నా భుజం మీద చెయ్యేసింది.

"నువ్వేం జేస్తవ్ తియ్. సర్కారోళ్ల ముచ్చట. ఫికర్ వెట్టుకోకు."

ఆ వారంలోనే మేస్త్రి మనుషులతో ఆమె కూడా డ్యాం పనికి పోయింది, లచ్చిని ఎత్తుకొని. వానలు పడ్డాక తిరిగొచ్చినప్పుడు చంకలో పిల్ల లేదు. అక్కడ జ్వరమొచ్చిందట. దవాఖాన దూరమట. పని దిగినాక పోదురుగాని అన్నాడట మేస్త్రి. ఇవన్నీ పక్కవాళ్లు చెప్తే విన్నాను.

ఊళ్లోనే ఉంటే లచ్చి బతికేదా? తెలియదు. జ్వరాలు ఊళ్లోనూ వస్తాయి. కానీ ఈ 'తెలియదు' అన్న మాట చాటునే కదా నేను ఇన్నేండ్లు దాక్కున్నది? అది తెలియకపోవచ్చు. సభలో ఆ రూలు చదివి ఉంటే, రెండో దారి ఉందని చెప్పి ఉంటే, ఆ ఆడవాళ్లు ఏది కోరుకునేవాళ్లో మాత్రం నాకు తెలుసు.

తర్వాత ఆమెకు కొడుకు పుట్టాడు. కొన్నేండ్లకు వాణ్ణి చెయ్యి పట్టుకొని బాల్వాడీకి తీసుకొచ్చింది.

"చూస్కో చెల్లె, మూడేండ్లు నిండినయ్. రూలు తప్పలే."

ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ముఖంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. వాడి ముక్కు తుడిచి లోపల కూర్చోబెట్టుకున్నాను. ఆరోజైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

పెండ్లయి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. పాపకు ఇంకా మూడేండ్లు నిండలేదు. పనికి పోతూ అత్తమ్మ చేతిలో పెట్టి పోతాను. నాకు అత్తమ్మ ఉంది. అయినా మధ్యాహ్నానికల్లా పాప ఒళ్లు వెచ్చబడిందేమోనని ప్రాణం కొట్టుకుంటుంది. రాత్రి లేచి లేచి నుదురు ముట్టుకొని చూస్తాను. చల్లగానే ఉంటుంది. నమ్మకం కుదరదు. ఇది భయమా, శిక్షా? శిక్షయితే పాపకెందుకు?

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాను. పోయి ఆమెకు చెప్పొచ్చు. పోను, ఆ సంగతి నాకు తెలుసు. తిడుతుందని కాదు. విని, మళ్లీ నా భుజం మీద చెయ్యేస్తుందేమోనని.

ఆ రూలు కొత్తగా రాలేదు. పైనుంచి రాలేదు. మొదటినుంచీ ఉంది, నాకు తెలుసు. 'మూడు సంవత్సరాలు నిండని పిల్లలను చేర్చుకొనరాదు.' సభలో చదవాల్సిన మాట ఇదే. ఇది రాస్తూ ఇప్పుడు పైకి చదివాను. అంతే. వినడానికి గదిలో పాప తప్ప ఎవరూ లేరు. పాప నిద్రపోతోంది.