నా వేలు, దాని కాలు

నా కుడి బొటనవేలి మీద గీతలు సరిగా లేవు. గోనె సంచులు కుట్టే లావు సూదిని ముప్పై ఏళ్లు ఆ వేలితోనే తోశాను. ఏ కాగితం మీద నొక్కినా మసిమరకలా పడుతుంది తప్ప వేలిముద్రలా పడదు. నేను చెబుతుంటే రాసిపెడుతున్న పక్కింటి కోడలు కూడా మొన్న రేషన్ ఆఫీసులో చూసింది, ఆ గుమస్తా నన్ను ఎంత విసుక్కున్నాడో.

నా కూతురు ఉన్నప్పుడు ఈ తిప్పలు లేవు. ముందు నిమ్మచెక్కతో నా వేలు రుద్దేది. కడిగి, తన ఓణీ చెంగుతో తడి లేకుండా తుడిచేది. తరువాత నా వేలిని తన రెండు వేళ్ల మధ్య పట్టుకుని సిరాబిళ్ల మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి దొర్లించేది.

"బిగబట్టకే అమ్మా. వేలు నాకొదిలెయ్."

వదిలేసేదాన్ని. అది ఏ కాగితమో అడిగేదాన్ని కాదు.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా వీధిలో సగంమంది శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు డాకులో పనికి వచ్చినవాళ్లే. మగవాళ్లు ఓడల దగ్గర మూటలు దించేవారు, ఆడవాళ్లం గోనెలు కుట్టేవాళ్లం. నా కూతురు బెంగాలీ బడిలో చదివింది. మాట్లాడితే బెంగాలీ పిల్లేనని బస్సు కండక్టర్లు కూడా అనుకునేవారు. అందుకని వీధిలో ముసలమ్మల పింఛను కాగితాలన్నీ అదే నింపేది. వేళ్లన్నీ అదే పట్టుకుని వేయించేది. దానికి తొమ్మిదేళ్లప్పుడు మా ఆయన పోయాడు. అప్పటినుంచి మా ఇంటి కాగితాలూ దానివే.

పదిహేడేళ్లు వచ్చాక దాని ఎడమ మోకాలి పైన వాపు వచ్చింది. బడి మెట్ల మీద పడిందని మొదట అనుకున్నాం. వేడి ఉప్పుమూట కాపడం పెట్టాను. నెల తిరిగేసరికి ఆ చోటు కొబ్బరిబొండంలా గట్టిపడి మెరవడం మొదలుపెట్టింది. పార్టీ ఆఫీసులో కూర్చునే దాదా చీటీ రాసిస్తే పెద్దాసుపత్రిలో మంచం దొరికింది. ఫోటోలు తీశారు, సూదితో చిన్న ముక్క తీసి చూశారు.

ఒకరోజు పొద్దున్న డాక్టరమ్మ వచ్చింది. బెంగాలీ అమ్మాయి, నా కూతురికంటే పదేళ్లు పెద్దదేమో. నన్ను పిన్నీ అన్నట్టు "మాసీమా" అని పిలిచి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాకు వచ్చిన బెంగాలీ చేపల బజారుకీ, బస్సుకీ సరిపోతుంది. ఆసుపత్రికి సరిపోదు. నేను నా కూతురి ముఖం చూశాను. నాకు ఎవరేం చెప్పినా అదే కదా తెలుగులో చెప్పాలి.

అది అంతా విన్నది. రెండు ప్రశ్నలు అడిగింది. తరువాత నా వైపు తిరిగి, రేషన్‌లో ఈ వారం ఏమిస్తున్నారో చెప్పినట్టు చెప్పింది.

"కేన్సరంటమ్మా. ఎముకలో. కాలు తొడదాకా తీసీయాలంట. ఇప్పుడు తీసీస్తే బతకొచ్చంట. ఆలస్యమైతే గుండెల్లోకి పాకుతాదంట."

"నువ్వేటన్నావే?"

"తీసీమన్నాను."

నేను దాని కాలి మీద దుప్పటి కప్పాను. అదే మళ్లీ అంది, "చెప్పుల జతలో ఒకటి మిగిలిపోద్ది కదే. ఎడంది నువ్వేసుకో. నీ చెప్పు ఎప్పుడూ అటే అరుగుతాది."

పక్క మంచం మీది బెంగాలీ ముసలమ్మ అది ఏమందో అడిగి, విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ కాగితం తెచ్చి మంచం మీద పెట్టింది. నా కూతురు కలం అందుకుంది. డాక్టరమ్మ దాని చేయి పట్టుకుని ఆపింది. పద్దెనిమిది నిండలేదు కనుక తల్లి వేలు పడాలట. పద్దెనిమిదికి ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.

నా కూతురికి కోపం వచ్చింది. డాక్టరమ్మతో బెంగాలీలో గట్టిగా మాట్లాడింది. తరువాత అదే మాట నాకు తెలుగులో చెప్పింది.

"వీధిలో ముసిలోళ్లందరి కాయితాలూ నాను రాస్తే సర్కారు ఒప్పుకున్నాది. నా కాలికి నా సంతకం ఒప్పుకోదంట. చోద్యం చూడు."

తరువాత కాగితం చేతిలోకి తీసుకుని నాకు చదివి వినిపించింది. అంతకుముందు ఏ కాగితమూ అది నాకు చదవలేదు. నేను అడగలేదు, అది చదవలేదు. ఈ ఒక్కదాన్ని ప్రతి వరుసా చదివింది. కాలు ఎక్కడిదాకా తీస్తారో, మత్తు ఇస్తే ఏమవచ్చో, బల్ల మీద ప్రాణం పోతే మాకు సమ్మతమేనని రాసిన వరుస కూడా వదలకుండా చదివింది. చదివి, నర్సును అడిగి సిరాబిళ్ల తెప్పించి, నా వేలు పట్టుకుంది.

నేను వేలు వెనక్కి లాక్కున్నాను.

"మీ పెదనాన్నని అడగాల," అన్నాను.

మా వాళ్లలో అది ఉన్నదే. మొగుడు పోయిన ఇంట్లో పెద్ద పని ఏది చేయాలన్నా మొగుడి అన్నగారి మాట రావాలి. నా కూతుర్ని పై తరగతికి పంపాలన్నా ఊళ్లో ఉన్న మా బావగారికి ఉత్తరం రాయించాను. ఆ ఉత్తరం కూడా అదే రాసింది, వచ్చీరాని తెలుగులో. కనుక ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. మా వీధివాళ్లంతా సరే అన్నారు.

కానీ అసలు సంగతి అది కాదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన మీద మూట పడి నడుము విరిగినప్పుడు ఆపరేషన్ కాగితం మీద వేలు వేసింది నేనే. అడిగినవెంటనే వేశాను. లోపలికి తీసుకెళ్లిన మనిషి బయటికి ప్రాణంతో రాలేదు. నా వేలు మంచిది కాదని నాలో పడిపోయింది. రేషన్ కాగితానికి, పింఛనుకు పనికొస్తుంది. మనిషి ఒంటి మీద కత్తి పెట్టే కాగితానికి పనికిరాదు. ఈ మాట నా కూతురికి చెప్పి ఉంటే అది నన్ను తిట్టి, నవ్వి, ఎలాగో ఒప్పించేది. నాకు సిగ్గేసింది. బావగారి పేరు చెప్పడం తేలికైంది.

మందుల దుకాణం పక్కనున్న ఎస్‌టీడీ బూత్ నుంచి ఊరి సర్పంచి ఇంటికి ఫోన్ చేయించాను. బావగారు ఫోన్ దగ్గరికి వచ్చి అరిచాడు.

"మతిపోనాదేటి నీకు? ఆడగుంటని అవిటిదాన్ని సేస్తావా? తీసుకొచ్చీ. కట్టు కట్టే ముసిలోడు ఇక్కడున్నాడు, ఎన్ని ఎముకలు అతికించాడో."

ఆ మాట వినగానే నా ఒంట్లో బరువు దిగినట్టయింది. నిజం దాచను. సంతోషించాను.

నా కూతురు రానంది. "డాక్టరు దీదీ ఆలస్యం వొద్దన్నాదమ్మా. కట్టుకిది పోదు. నీకు నేను చెప్పలేదా? అర్థం కాలేదా?" అని అడిగింది. అర్థం కాలేదనే అన్నాను. డాక్టరమ్మ నా చేయి పట్టుకుని బతిమాలింది. అయినా సంచి సర్దాను. నడవలేని పిల్ల, సంతకం చెల్లని పిల్ల, ఎక్కడికి పోతుంది? హౌరాలో నేనూ మా వీధి అబ్బాయీ కలిసి దాన్ని మోసి రైలు ఎక్కించాం. ఖరగ్‌పూర్ దాటేదాకా అది కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దాటాక టీ కావాలంది.

కట్టు కట్టే ముసలాయన చెడ్డవాడు కాదు. ఆముదం రాసి తోమేవాడు, మినపపిండి, గుడ్డుసొన కలిపి పట్టు వేసేవాడు, వెదురుబద్దలు పెట్టి బిగించేవాడు. తోమినప్పుడల్లా అది గుడ్డ పళ్ల మధ్య పెట్టుకునేది. నేను దాని తల పట్టుకునేదాన్ని. అలా ఏడు వారాలు. చివరికి ముసలాయనే కట్టు విప్పి చూసి, "ఇది నా పని కాదమ్మా, మీ పెద్దాసుపత్రికే పొండి," అన్నాడు. బావగారు ఆ రోజు పొలం నుంచి ఇంటికి రాలేదు.

మళ్లీ అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. నేను పరుగున వెళ్లి నర్సు బల్ల మీది సిరాబిళ్ల నేనే తెచ్చుకున్నాను. వేలు సిరాలో ముంచి పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. కాగితం తెమ్మని తెలుగులోనే అరిచాను. డాక్టరమ్మ ఛాతీ ఫోటో వెలుతురుకు పట్టి చూసింది. నా కూతురితో మెల్లగా మాట్లాడింది. ఈసారి అది వెంటనే తెలుగులో చెప్పలేదు. కాసేపు నా వేలికేసి చూసింది.

"కడుక్కో అమ్మా. ఆ కాయితంతో ఇప్పుడు పని లేదంట."

తరువాత రెండు నెలలకు పైగా మంచం మీదే ఉంది. రొమ్ములో నీరు చేరి ఊపిరి ఆడేది కాదు. దానికి పద్దెనిమిది నిండిన నాలుగోరోజున ఆ నీరు సూదితో తీయాలని డాక్టరమ్మ కాగితం తెచ్చింది. అలవాటుగా నేను లేచాను. డాక్టరమ్మ నన్ను దాటి వెళ్లి కాగితం నా కూతురి ముందు పెట్టింది. అది కూర్చోలేక కూర్చుని సంతకం చేసింది. చేసి, నాకేసి తిరిగి నవ్వింది.

"చూసినావా? పెద్దదాన్నైపోనాను."

ఆ మధ్యాహ్నమే అడిగాను. మనసులో నెలల తరబడి కుళ్లుతున్న మాట అది.

"ఏటే, ఆ రోజు నాకు చదివి ఇనిపించడమెందుకు? రేషన్ కాయితమని చెప్పలేకపోనావా? ఏసేద్దును కదే. ఎప్పుడైనా అడిగేనా నేను?"

అది చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"అడగవనే చదివానమ్మా. నా కాలు నాదని నేననుకున్నాను. మరి నీ వేలు నీది కాదా? మోసం చేసి ఎలా వేయిస్తాను?"

అప్పుడు చెప్పాను, వాళ్ల నాన్న కాగితం సంగతి. నా వేలు మంచిది కాదన్న సంగతి. అది కళ్లు మూసుకుని విన్నది. "పిచ్చిదానా, ముందే చెప్పాలి కదే," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

పద్దెనిమిది నిండిన పదకొండోరోజున పోయింది.

మా వీధిలో ఇప్పటికీ పిల్లలకు జబ్బు చేస్తే పెద్దవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. ఊరికి ఫోన్ చేద్దామా, చర్చిలో అడుగుదామా, దేవత చెట్టు దగ్గరికి పోదామా అంటారు. పిల్ల గోడవారగా కూర్చుని వింటూ ఉంటుంది. నేను వెళ్లి, ముందు దాన్నడగండి, ఒళ్లు దానిది అంటాను. ముసల్దానికి మతి లేదంటారు. అననీ.

అది పోయినరోజు కిందికి దింపి దాన్ని నాకు అప్పగించడానికి ఆసుపత్రి గుమస్తా కాగితం ముందుకు తోశాడు. నిమ్మచెక్క లేదు, చీరచెంగుతో వేలు గట్టిగా తుడుచుకున్నాను. మొదటిసారి ముద్ర పడలేదు. గుమస్తా తిట్టి, ఇంకోసారి వేయమన్నాడు. రెండోసారీ పడలేదు. మూడోసారి తనే నా వేలు పట్టుకుని కాగితానికి అదిమాడు. వేలు బిగబట్టకుండా వదిలేశాను. అందులో ఏం రాసి ఉందో అడగలేదు.