మామ గీకేసిన తోక

మొన్న సాయంత్రం ఎనుమాములలో ఉండే మా చెల్లెలి మనవరాలు, పడమటి ఆకాశంలో కనిపించిన తోకచుక్కను సెల్‌ఫోన్‌తో తీసి నాకు పంపింది. తోక ఎక్కడా చెదరకుండా చక్కగా వచ్చింది. మెచ్చుకోవలసింది పోయి, ఒళ్లు మండి ఫోను బోర్లించి కూర్చున్నాను. ఆ పిల్ల మీద కాదు నా కోపం. చచ్చి స్వర్గాన ఉన్న మా మేనమామ మీద.

ఆయనకు వరంగల్ స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో ఉండేది. నేను అందులో కొత్తగా పనికి కుదిరాను. నలుపు తెలుపు కాలం. అప్పట్లో పెళ్లిచూపుల కోసం ఫొటో దిగినవాళ్లు మీలో ఉంటే గుర్తుండాలి, అందులో మీ ముఖం మీకన్నా నున్నగా ఉండేది. నెగటివును గాజుపలక మీద పెట్టి, కింద బల్బు వెలుగులో, తెల్లగా ఉన్నచోట పెన్సిలు అద్ది, నల్లగా ఉన్నచోట బ్లేడుతో గీకి మచ్చలన్నీ మామ మాయం చేసేవాడు. తన చెయ్యి పడకుండా ఏ నెగటివూ ప్రింటుకు పోకూడదు, అదీ ఆయన పట్టుదల.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, తెల్లవారుజామున తూర్పున తోకచుక్క పొడిచింది. అమ్మ అప్పటికి రెండు నెలలుగా మంచం మీద ఉంది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు, అది ఊరికే రాదనీ, ఎవరినో ఒకరిని వెంట తీసుకుపోతుందనీ ఆమె చెవిన వేసి పోయారు. అమ్మ మందు మింగడం మానేసింది. వాళ్ల నోళ్లు పడిపోను! అమ్మను మిద్దె ఎక్కించలేను కనుక, అదెంత అందంగా ఉందో ఫొటోలోనైనా చూపి ఆ భయం పోగొట్టాలని, కెమెరా, స్టాండు పైకి మోసుకెళ్లి, నాలుగు రోజులు కాపు కాసి, మంచు లేని ఒక్క రోజున ఊపిరి బిగబట్టి అర నిమిషం షట్టరు తెరిచి ఉంచాను. రీలు కడిగి చూస్తే, విసనకర్రలా విచ్చుకున్న తోక! నెగటివులో అది నల్లగా ఉంటుంది కదా. పొద్దెక్కేదాకా లేవని మామకు, అమ్మకు చూపాలని చుక్కను తీశానని మాత్రమే చెప్పి, నెగటివు ఆరబెట్టి అన్నానికి వెళ్లాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

తిరిగొచ్చేసరికి మామ నెగటివు గీకి, ప్రింటు తీసి, తన అక్కకు తానే చూపిస్తానని మా ఇంటికి బయలుదేరుతున్నాడు. నల్లటి ఆకాశం, నడుమ ఒక్క చుక్క.

“గింత పెద్ద మరకవడ్డది రా నెగటివ్ మీద! సాఫ్ జేసిన. జర మంచిగ కడగరాదా?” అని పైగా నన్నే కోప్పడ్డాడు.

జరిగిందేమిటో విడమరిచి చెప్పేలోపే ఆయన సైకిలెక్కాడు. వెనకాలే పరుగెత్తాను. నేను చేరేసరికి ఫొటో అమ్మ చేతిలో ఉంది. చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుంది.

“తోక నువ్వే తీసేసినవ్ గదా బిడ్డా, నేను బుగులుపడుతనని.”

మామ పని అని మొత్తుకున్నాను. తప్పు తెలిసి మామ కూడా ఒట్టు వేశాడు. ఇద్దరం కూడబలుక్కున్నామనుకుంది. ఇంతగా దాస్తున్నారంటే తన పని అయిపోయినట్టేనని తీర్మానించుకుంది. మళ్లీ తీద్దామంటే ఆకాశమంతా మబ్బు. అది విడిపోయేనాటికి చుక్క వెలవెలబోయింది. తొలకరి పడకముందే అమ్మ పోయింది.

దినాలకు పటం కట్టించడానికి అమ్మ నెగటివు మామ బల్ల మీదికి వచ్చింది. ఆయన బ్లేడు అందుకోగానే లాక్కుని వీధిలోకి విసిరేశాను. ఆయన ఏడ్చాడు. నేను ఏడవలేదు, క్షమించనూ లేదు.

ఆ బల్ల, ఆ గాజుపలక ఎప్పుడో పాతసామాన్లలో కలిసిపోయాయి. ఇప్పుడు తోకచుక్క వస్తే పిల్లలు భయపడరు, కేరింతలు కొడుతూ మిద్దెలెక్కుతారు. ఆ ధైర్యంలో పిసరంతయినా ఆనాడు మా ఇంటికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది. అది నిజంగా చాలా అందంగా ఉండిందని అమ్మకు చెప్పాలని నాకు ఇప్పటికీ ఉంది.